సమస్యాపూరణం: "చేపనూనె తీపి చెరకు కన్న"

మైలాపూరు (నిర్వాహకులు): ఈ వారం సమస్య ఆటవెలది పద్యానికి నాలుగో పాదం; ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. యతి చే–చె. మాత్రలు మింగలేని పిల్లలకీ పెద్దలకీ సీసాలోని చేపనూనే దిక్కు. మీ పద్యం చదివినవాళ్ళు ఆ చెంచాడూ ఇబ్బంది లేకుండా పుచ్చుకోగలగాలి. పంచదార గుమ్మరించి "తీపి" అంటే ఒప్పుకోను. అసలు బాధ నాలుకది కాదు, ముక్కుది.

వేళచ్చేరి: మా పాపకి ఇలాగే పెడుతున్నాను మాస్టారూ.

చలువపెట్టె లోని చల్లని పెరుగులో
నిమ్మబద్ద పిండి నెమ్మదిగను
కలిపి పెట్ట బిడ్డ గబగబ మింగెను
చేపనూనె తీపి చెరకు కన్న

మైలాపూరు: గణాలు, యతులు సరిపోయాయమ్మా. విషయమూ బాగుంది. చల్లగా ఉంటే వాసన తక్కువగా లేస్తుంది, పెరుగులోని కొవ్వు నూనెని కలుపుకుంటుంది. కానీ మూడో పాదం నాలుగోదాన్ని అందుకోలేదు. ఆ మాట ఎవరన్నారు? బిడ్డే అన్నట్టు "గబగబ తిని యనె" అని మార్చండి, అతుకుతుంది. పైగా పెరుగుని తింటాం కదా.

పెరంబూరు: నా ప్రయత్నం.

వేడి పాయసాన వేసి కలిపి తాగ
నెయ్యి వాసనందు నీచు పోవు
ఏలకులును చేరి యింపైన రుచి తోడ
చేపనూనె తీపి చెరకు కన్న

అంబత్తూరు: అన్నయ్యా, ధార చాలా బాగుంది. వేడి మాత్రం వద్దు. మందుల షాపులో పనిచేస్తాను కాబట్టి చెప్పకుండా ఉండలేను. ఈ నూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాల్లో ఈపీఏకి ఐదు ద్విబంధాలు (కార్బన్ల మధ్య జంట బంధాలు), డీహెచ్ఏకి ఆరు. గాలిలోని ఆక్సిజన్ ఆ చోట్లనే పట్టుకుంటుంది. వేడి, వెలుతురు తోడైతే ఇంకా త్వరగా. అలా పుట్టే ఆల్డిహైడ్లనే రసాయనాలే ఆ కంపుకి చాలామటుకు కారణం. మూత తీసిన సీసాని మే నెల మద్రాసు ఎండలో వంటింటి గూట్లో పెట్టి, వారం తర్వాత వాసన చూస్తే తెలుస్తుంది. మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాలి. కంపు కొట్టినదాన్ని నిమ్మరసంతో కప్పిపుచ్చి తాగించకండి, పారబోయండి.

నా పూరణ:

మూత తీయగానె ముక్కు మూయకు తల్లి
గాలి తగిలి చెడినఁ గబ్బు గాని
కొత్త సీస నుంచి కొలతగా పోసిన
చేపనూనె తీపి చెరకు కన్న

మైలాపూరు: ఇదీ పూరణ! మూడో పాదం నాలుగోదానిలోకి జారిపోయింది, అతుకు కనపడలేదు. పెరంబూరు వారూ, మీ మొదటి పాదం "వెన్న చల్లలోన వేసి కలిపి తాగ", రెండోదాంట్లో "నెయ్యి" బదులు "నిమ్మ" అంటే యతీ నిలుస్తుంది, నూనే బతుకుతుంది. ఆ చల్ల భోజనం మధ్యలో తాగాలి. పరగడుపున తాగితే చాలామందికి నీచు త్రేన్పులు వస్తాయి. అన్నంతో పాటైతే ఒంటికి పట్టడమూ మెరుగు.

పెరంబూరు: ఒప్పుకున్నాను, మార్చేస్తాను. ఇంకొకటి, చిన్నప్పుడు తాగించిన చేపనూనె మందు స్కాట్స్ ఎమల్షన్ మీద:

వీపు మీద చేప వ్రేలాడు బొమ్మతో
సీస లోన పాల చిక్కదనము
నూనె చినుకు చినుకు నుగ్గునుగ్గుగ మార
చేపనూనె తీపి చెరకు కన్న

మైలాపూరు: "నుగ్గునుగ్గుగ" దగ్గర ఆగిపోయాను. ఎమల్షన్ పనే అది. 1870ల్లో న్యూయార్క్‌లో స్కాట్, బౌన్ కలిసి కాడ్ లివర్ నూనెని, అంటే కాడ్ చేప కాలేయం నుంచి తీసిన నూనెని, పాలలా చేసి అమ్మారు. నూనె సన్నని బిందువులై నీళ్ళలో పరుచుకుంటే నాలుకకి జిడ్డు అంటుకోదు. ఇంట్లోనూ కొంత సాధ్యమే. అరటిపండు, పెరుగు, చెంచా నూనె మిక్సీలో తిప్పి వెంటనే తాగడమే. నిల్వ పెడితే మళ్ళీ విడిపోతుంది.

వేళచ్చేరి: అక్కా, మీ పద్యంలో "కొలతగా" బదులు "కొసరుగా" అంటే? గణాలు సరిపోతాయి, యతీ ఉంటుంది.

అంబత్తూరు: వద్దమ్మా, ఆ మాట కావాలనే పెట్టాను. కాడ్ లివర్ నూనె వేరు, మామూలు చేపనూనె వేరు. మొదటిదాంట్లో విటమిన్ ఏ, డి బాగా ఉంటాయి. రుచిగా ఉందని రెండో చెంచా పోస్తే విటమిన్ ఏ మోతాదు మించుతుంది. గర్భిణులు డాక్టర్ని అడగకుండా కాడ్ లివర్ నూనెని ముట్టుకోకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఏ చేపనూనెకైనా ముందు అడగాలి. పాపకి కూరల చెంచాతో కాకుండా, సీసాతో వచ్చిన కొలత మూతతోనే పోయండి.