చీకట్లో గాడ్జిల్లా: తప్పు సినిమాదా, థియేటర్‌దా?

బీచ్‌రోడ్డు నాన్న:
2019లో 'గాడ్జిల్లా: కింగ్ ఆఫ్ ద మాన్‌స్టర్స్' వచ్చినప్పుడు మా ఆరేళ్ల వాణ్ణి తీసుకుని ఇక్కడే వైజాగ్‌లో ఒక మల్టీప్లెక్స్‌లో త్రీడీ షోకి వెళ్లాను. వాడు అప్పటికి నెల రోజులుగా నోటుపుస్తకం నిండా గాడ్జిల్లా అనే భారీ బల్లి రాక్షసితో తలపడే మూడు తలల గిడోరాని గీస్తున్నాడు. తీరా బోస్టన్ నగరంలో ఆ రెండూ కలబడే చోటికి వచ్చేసరికి నా చెయ్యి లాగి "నాన్నా, ఇందులో గాడ్జిల్లా ఏది?" అన్నాడు. నాకే తెలియలేదు, వాడికేం చెప్పను? వాన, పొగ, దుమ్ము, వాటి మధ్య కదిలే నల్ల ముద్దలు. తెర పక్కనున్న ఎగ్జిట్ బోర్డు పచ్చ వెలుగే నయమనిపించింది. 17 కోట్ల డాలర్ల సినిమా అది!

రాత్రిపూట అలాగే ఉంటుంది కదా అంటారు. ఉండదండీ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. డాబా మీద కాసేపు నిలబడితే చాలు, కళ్లు అలవాటుపడి విరిగిన కొబ్బరిచెట్టు మొండెం, ఎదురింటి పిట్టగోడ, వంగిపోయిన స్తంభం అన్నీ తేలేవి. ఎంత చీకటైనా వస్తువుకి అంచు పోదు.

1957 నాటి 'మాయాబజార్' చూడండి. మార్కస్ బార్ట్‌లీ తీసిన వెన్నెల రాత్రే, అదీ నలుపు తెలుపుల్లో. నీళ్ల మీద మెరుపు ఎంత తేటగా ఉంటుంది! 'జురాసిక్ పార్క్' (1993)లో టి-రెక్స్ డైనోసార్ వచ్చేది కూడా రాత్రి, జోరువానలోనే. టార్చిలైటు పడగానే దాని కంటిపాప ముడుచుకోవడం కూడా కనబడుతుంది. వానా రాత్రీ సాకు కాదు, లైటింగ్ చెయ్యడం చేతకావాలి.

పాత ఆపరేటర్:
అన్నా, మొత్తం సినిమా నెత్తిన వెయ్యకు. ప్రొజెక్టర్ గదిలో నాలుగేళ్లు పనిచేసినవాణ్ణి. టూడీకి తెర మీద 14 ఫుట్-ల్యాంబర్ట్‌ల (తెర వెలుగుని కొలిచే కొలత అది) వెలుగు ఉండాలన్నది ప్రమాణం. త్రీడీలో కళ్లద్దాలు, ఫిల్టర్లు తినేశాక 4.5 దక్కితే గొప్ప. అంటే మూడో వంతే. దానికి తోడు ప్రొజెక్టర్‌లో ఉండే జినాన్ ల్యాంప్ వాడేకొద్దీ మసకబారుతుంది. కొత్తది ఖరీదు కాబట్టి యజమానులు గడువు దాటాక కూడా లాగిస్తుంటారు. త్రీడీ కోసం వేసే సిల్వర్ స్క్రీన్ అయితే నడిమధ్య మెరిసి పక్కలు నల్లబడతాయి. మీరు ఏ మూల కూర్చున్నారో!

గాజువాక:
నా లెక్కలో అసలు తప్పే లేదు. కనబడకపోతేనే భయం. 'జాస్'లో సొరచేప ఎంతసేపు కనబడింది?

బీచ్‌రోడ్డు నాన్న:
గాజువాక గారూ, 'జాస్' (1975)లో యాంత్రిక సొరచేప మాటిమాటికీ మొరాయించడంతో దాన్ని తక్కువ చూపించారు. కానీ సముద్రం చాలామటుకు పట్టపగలే ఉంటుంది, పడవా మనుషులూ స్పష్టంగా కనబడతారు. దాచిపెట్టడం వేరు, ఎదురుగా నిలబెట్టి మసక చెయ్యడం వేరు. 'గాడ్జిల్లా మైనస్ వన్' (2023) కూడా చూడండి. 1.5 కోట్ల డాలర్ల లోపు ఖర్చుతో, ఎండలో, నడిసముద్రంలో గాడ్జిల్లా చేత పడవని తరిమించారు. 2024లో విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ వాళ్లకే వచ్చింది.

ఆపరేటర్ తమ్ముడూ, నీ మాట సగం ఒప్పుకుంటాను. మొన్న అదే 2019 సినిమాని ఇంట్లో కర్టెన్లు వేసుకుని మళ్లీ చూశాం. అగ్నిపర్వతంలోంచి పట్టపగలు రోడాన్ అనే రెక్కల రాక్షసి లేచే సీను అద్భుతంగా ఉంది. ఆ రోజు థియేటర్లో మాకు దక్కనిది ఇదా అని కడుపు మండింది. కానీ బోస్టన్ మాత్రం టీవీలోనూ బురదే. సాదాసీదా హాళ్లలో చూసేవాళ్లే ఎక్కువని తీసినవాళ్లకి తెలియదా? స్టూడియోలో దోషం లేని తెర ముందు కూర్చుని రంగులు సరిచేసుకుంటే మా వాడికి ఒరిగిందేంటి?

వాడిప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. ఆ పోరు దగ్గర రిమోట్‌తో ఆపి, టీవీ దగ్గరికి వెళ్లి వేలు పెట్టి వెతికి, "ఇదిగో నాన్నా, ఇది తోక" అన్నాడు.