మంచులో నక్క బొమ్మ వేస్తున్నా, మంచు కుదరట్లేదు

సింధు:
ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా అకాడమీ ఆర్ట్ మ్యూజియంలో అమెరికన్ చిత్రకారుడు విన్‌స్లో హోమర్ వేసిన 'ఫాక్స్ హంట్' (1893) చూసినప్పటి నుంచీ అలాంటిదొకటి వేయాలని పట్టుకుంది. లోతు మంచులో ఎర్ర నక్క, పైనుంచి మీదికి దిగుతున్న నల్లటి కాకులు. ఆయిల్స్‌లో మొదలుపెట్టాను. నక్క బాగానే వచ్చింది, మంచే సున్నం కొట్టిన గోడలా ఉంది. వైట్‌లో ఏం కలపాలండీ?

కుంచె:
ట్యూబులోంచి తీసిన టైటేనియం వైట్ నేరుగా పెట్టకండి. అల్ట్రామెరీన్ (ముదురు నీలం), బర్న్ట్ సియెనా (ఎర్ర గోధుమ రంగు) కలిపితే మంచి బూడిద రంగు వస్తుంది. అందులో వైట్ కలుపుకుంటూ పోండి. అచ్చమైన తెలుపు చివర్లో, ఒకటి రెండు చోట్ల చాలు.

చలికొండ:
రంగు సంగతి కుంచె గారు సరిగ్గా చెప్పారు. కానీ అసలు చిక్కు కాళ్ల దగ్గర ఉందేమో చూడండి సింధు గారూ. హోమర్ నక్క మంచు మీద నిలబడలేదు, అందులో కూరుకుపోయింది. ఆ బొమ్మలో కథంతా అదే. చలికాలం, తిండి లేదు. లోతు మంచులో నక్క పరుగెత్తలేదు కాబట్టే ఆకలితో ఉన్న కాకులు దాని మీదికి రావడానికి తెగించాయి. మంచు లేకపోతే ఆ వేటే లేదు. ఎడమవైపు కింద ఆయన సంతకం చూశారా? ఆ అక్షరాలు కూడా మంచులో దిగబడినట్టే వేశాడు. నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరని చోటు అది.

అందుకని కాళ్లకు అడుగుదాకా గీత గీయకండి. కాలు దిగిన చోట మంచు అంచు కాలి ముందుకు రావాలి, గుంట లోపల నీలం కలిసిన నీడ పడాలి. పొట్ట కింద మంచు మీద ఆ ఎర్ర బొచ్చు రంగు కాస్త సోకనివ్వండి. ఎండ ఉంటే నీడలు ఆకాశం నీలాన్ని పట్టుకుంటాయి, మబ్బు పట్టిన రోజైతే గట్టి నీడలే ఉండవు. ఆ రెండింటిలో ఏదో ముందే తేల్చుకోండి.

వీలైతే స్వీడన్ చిత్రకారుడు బ్రూనో లిల్యెఫోర్స్ వేసిన చలికాలపు కుందేళ్లు కూడా చూడండి. తెల్ల మంచులో తెల్ల కుందేలును చూపించడం నక్కకంటే కష్టం.

సింధు:
థాంక్సండీ! మబ్బు రోజే. మరి కాకులు? ఫోటోలు చూసి వేస్తే బిగుసుకుపోయినట్టు వస్తున్నాయి.

చలికొండ:
హోమర్‌కూ కాకులతోనే తంటా వచ్చిందట. రైల్వే స్టేషన్ దగ్గర మొక్కజొన్న గింజలు చల్లి, వాలిన కాకుల్ని చూస్తూ స్కెచ్‌లు గీసుకున్నాడంటారు. మీరూ పెరట్లో నాలుగు గింజలు చల్లి చూడండి. రెక్క విప్పినప్పుడు ఈకల చివరలు వేళ్లలా విడతాయి, ముందు అది పట్టుకోండి.