కూలర్ ట్యాంకులో ఐసు వేస్తే గది నిజంగా చల్లబడుతుందా?

ప్రశ్న – సత్యనారాయణపురం, విజయవాడ:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఏసీ లేదు, పెద్ద కూలర్ ఉంది. వడగాలి వీచి బయట 44 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం కూడా హాలు హాయిగా ఉంటోంది. మబ్బు పట్టి ఎండ 36కు దిగిన రోజున మాత్రం ఒళ్లంతా జిడ్డు, దుప్పట్లు చెమ్మ. ఎండ తగ్గితే చల్లదనం పెరగాలి కదా? దుకాణంలో అడిగితే ట్యాంకులో ఐసు వేయమన్నారు. ఫ్రిజ్ నిండా ఐసు గిన్నెలే పెట్టానని, కూరగాయలకు చోటు లేదని అమ్మ గొడవ. ఇందులో లాభం ఉందా? మా అబ్బాయికి ఇంకో అనుమానం: నీరు ఆవిరయ్యేది 100 డిగ్రీల దగ్గర కదా, మరి ట్యాంకు సాయంత్రానికి ఎలా ఖాళీ అవుతోంది?

జవాబు – రిటైరైన ఫిజిక్స్ మాస్టారు, బ్రాడీపేట, గుంటూరు:
మీ అబ్బాయి అనుమానం తీరిస్తే మీది సగం తీరుతుంది. 100 డిగ్రీలు నీరు మరిగే ఉష్ణోగ్రత, అదీ సముద్రమట్టం దగ్గరి గాలి పీడనంలో. మరిగేటప్పుడు నీటి లోపల కూడా ఆవిరి బుడగలు పుడతాయి. పైతలం నుంచి ఆవిరి కావడానికి అంత వేడి అక్కర్లేదు. ఆరేసిన చీర మరిగి ఆరుతోందా? ఫ్రీజర్‌లో నెలల తరబడి మరచిపోయిన ఐసు ముక్కలు కూడా నీరు కాకుండానే చిక్కిపోతాయి.

ఇక ఐసు లెక్క. 0 డిగ్రీల దగ్గర గ్రాము ఐసు కరగడానికి 80 కెలోరీలు కావాలి. అంత వేడి తాగుతున్నా, కరిగేంతవరకూ థర్మామీటరు 0 దగ్గరే నిలబడి ఉంటుంది. 1760ల్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ కొలిచి చూపిన గుప్తోష్ణం ఇదే. నీరు ఆవిరి కావడానికి ఖర్చు ఇంకా చాలా ఎక్కువ: మరిగే చోట గ్రాముకు 540, మన గది వేడిలో దాదాపు 580 కెలోరీలు. మైనస్ 18 డిగ్రీల కిలో ఐసు కరిగి, ఆ నీరు 25 డిగ్రీలకు చేరేసరికి చుట్టూ ఉన్న గాలి నుంచి లాగేది సుమారు 115 కిలోకెలోరీలు. లీటరు కుళాయి నీరు ప్యాడ్ల మీద ఆవిరైతే లాగేది 580. అయిదు రెట్లు! కూరగాయలను బయట పెట్టేముందు ఈ లెక్క చూసుకోండి.

మబ్బు రోజు సంగతి. గాలిలో తేమ తక్కువగా ఉంటే నీరు చురుగ్గా ఆవిరవుతుంది. 44 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు దాదాపు 25 దాకా దిగుతుంది. 36 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్నప్పుడు 31 దగ్గరే ఆగిపోతుంది. మామూలు నీళ్లతో నడిచే ఏ కూలరూ దానికన్నా కిందికి దించలేదు. మంచి కూలర్ ఆ తేడాలో ముప్పాతిక వంతు దించిందనుకుందాం. ఎండ మండిన రోజు మీకు 30 డిగ్రీల గాలి వస్తుంది. మబ్బు రోజు 32 డిగ్రీల గాలి, అదీ చెమ్మతో నిండింది.

పటమట నుంచి:
ఉక్కపోత రోజున ఐసు వేస్తే నాకు చల్లగానే అనిపించింది మాస్టారూ.

మాస్టారు:
అనిపించడం కాదు, నిజమే. కానీ కాసేపే. ఐసు నీళ్లతో తడిసిన ప్యాడ్లకు తగిలి గాలిలోని ఆవిరే నీరవుతుంది, చల్లని స్టీలు గ్లాసుకు చెమట పట్టినట్టు. అప్పుడు ప్రతి గ్రాము ఆవిరీ తనలోని 580 కెలోరీలను అక్కడే వదిలేస్తుంది. ఆ వేడికి ఏడు గ్రాముల ఐసు కరిగిపోతుంది. ఇక ఫ్రిజ్ కూడా అదే గదిలో ఉంటే, నీటిలోంచి తీసిన వేడినీ మోటారు వాడుకున్న కరెంటు వేడినీ కలిపి ఆ గదిలోకే వదులుతుంది. రాత్రి చేసిన ఐసును పగలు వాడితే పగటి వేడిని కొంత రాత్రికి తోసినట్టు, అంతే. బయట కొన్న దిమ్మె అయితే ఆ తంటా లేదు, డబ్బులే.

గవర్నర్‌పేట నుంచి, కూలర్లు బాగుచేసేవారు:
నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూసిన కిటికీలే కారణం. ఏసీకి బిగించినట్టు తలుపులన్నీ బిగిస్తారు, గదిలో తేమ నిండిపోతుంది, ఆపై కూలర్‌ను తిడతారు. వెనకవైపు బయటి గాలి అందేలా కూలర్‌ను కిటికీ దగ్గర పెట్టండి. ఎదుటి కిటికీ తెరవండి, ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే తిప్పండి. ఉక్కపోతగా ఉన్నప్పుడు పంపు ఆపేసి ఫ్యాను ఒక్కటే నడపండి, ఒంటి చెమట ఆరడమే ఆ పూటకు దిక్కు.

బోరు నీళ్లు వాడేవారు ఇంకొకటి గమనించాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పులు మిగిలిపోతాయి. ట్యాంకులో పాత నీళ్ల మీదే కొత్తవి పోస్తూ ఉంటే ప్యాడ్లకు తెల్లటి పొలుసు కట్టి గాలి ఆడదు. వారానికి ఒకసారైనా పూర్తిగా ఒంపి, తుడిచి, ఆరబెట్టి నింపుకోండి. దోమ పిల్లలూ పోతాయి.

కృష్ణలంక నుంచి:
మధ్యలో దూరినందుకు ఏమీ అనుకోకండి. రంగులు వేసిన అందమైన కుండ కొన్నాను, నీళ్లు చల్లబడటం లేదు. ఎందుకు?

మాస్టారు:
రంగు బయటి రంధ్రాలను మూసేసి ఉంటుంది. నీరు బయటికి ఊరి ఆవిరైతేనే కుండ చల్లబడేది. దాన్ని పూలకు వాడుకుని, రంగు లేని మట్టి కుండ తెచ్చి గాలి ఆడే చోట పెట్టండి. గాలి తగలని మూల ఏ కుండా పనిచేయదు.

అరండల్‌పేట, గుంటూరు నుంచి:
మా ఏసీ గొట్టం నుంచి రోజూ బకెట్ నీళ్లు కారుతున్నాయి. ఉప్పు లేని నీళ్లే కదా, కింది వాటాలో వాళ్ల కూలర్‌కు పోయవచ్చా?

మాస్టారు:
పోయవచ్చు. అది గది గాలిలోని ఆవిరి చల్లని గొట్టాలకు తగిలి నీరైనది, పొలుసు కట్టదు. కానీ లోపలి దుమ్ము, బూజు కలిసి ఉంటాయి కాబట్టి తాగడానికి, వంటకు పనికిరాదు. ఇన్వర్టర్ బ్యాటరీకి పోయమని కొందరు చెబుతారు, వినకండి. దానికి డిస్టిల్డ్ వాటర్ డబ్బానే కొనండి.