కత్తెర వలయాలు తగిలే చోటే పొక్కులు: నికెల్ అలర్జీ కావచ్చా?

ప్రశ్న:
నేను సెలూన్‌లో జుట్టు కత్తిరించే పని చేస్తాను. కొంతకాలంగా కుడిచేతి బొటనవేలికీ ఉంగరపు వేలికీ, సరిగ్గా కత్తెర వలయాలు ఒరుసుకునే చోట, దురదతో ఎర్రని పొక్కులు లేస్తున్నాయి. సెలవుల్లో తగ్గి, పనిలో చేరగానే తిరగబెడుతున్నాయి. రంగు వేసేటప్పుడు గ్లవ్స్ తొడుక్కుంటాను కనుక హెయిర్ డై కారణం కాదనుకుంటున్నాను. స్టెయిన్‌లెస్ స్టీలు కత్తెరను అనుమానించడం సబబేనా?

మొదటి సమాధానం:
సబబేనండి. లోహంలో నికెల్ ఎంత ఉందనే దానికన్నా, చెమట తగిలినప్పుడు ఎంత బయటికి వస్తోందన్నదే ముఖ్యం. 18/8 రకం స్టీలులో దాదాపు 8 శాతం నికెల్ ఉన్నప్పటికీ, ఉపరితలం మీది క్రోమియం ఆక్సైడ్ పొర దాన్ని చాలావరకు బయటికి రానివ్వదు. నికెల్ పూత మీద క్రోమియం పూత వేసిన పనిముట్లు, క్లిప్పులు మాత్రం పైపూత అరిగేకొద్దీ నికెల్‌ను వదులుతాయి. డైమిథైల్ గ్లయాక్సిమ్ పరీక్ష ద్రావణంలో తడిపిన దూదిపుల్లతో వలయం లోపలివైపు రుద్ది చూడండి, గులాబీ రంగు వస్తే నికెల్ వెలువడుతున్నట్లే. అలర్జీ కలిగించగల మరో లోహమైన కోబాల్ట్ కలిపిన కత్తెరలూ ఉన్నాయి, కోబాల్ట్‌ను ఈ ద్రావణం పట్టుకోలేదు. (క్లిప్పులను పెదవుల మధ్య పెట్టుకునే అలవాటుంటే ముందు దాన్ని మానండి.)

రెండవ సమాధానం:
చర్మానికి ఎక్కువసేపు తగిలే వస్తువుల నుండి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్ వెలువడకూడదని యూరోపియన్ యూనియన్ నిబంధన. అయితే ఆ పరిమితి కొత్తగా అలర్జీ రాకుండా చాలామందిని కాపాడుతుందే తప్ప, ఇప్పటికే అలర్జీ ఉన్న ప్రతి ఒక్కరికీ భరోసా కాదు.

మూడవ సమాధానం:
కత్తెర ఒక్కదానిమీదే నేరం మోపడం తొందరపాటని నా అభిప్రాయం. రోజంతా తలలు కడగడం వల్ల చర్మపు రక్షణ పొర దెబ్బతింటే, ఏ అలర్జీ కారకమైనా సులువుగా లోపలికి చొరబడుతుంది. పైగా రంగు వేసిన వెంటనే ఒట్టి చేతులతో ఆ జుట్టును కత్తిరిస్తే, గ్లవ్స్ వేసుకున్న ఫలితం పోతుంది; ముందు కత్తిరించి తరువాత రంగు వేయడం మేలు. చర్మవైద్యుల వద్ద ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. ఏది పడటం లేదో తెలుసుకోవడానికి, అలర్జీ కలిగించగల పదార్థాలను వీపు మీద 48 గంటలు అంటించి ఉంచుతారు. లోహాల స్పందన ఆలస్యంగా కనిపించవచ్చు కనుక, వారం దగ్గరపడ్డాక మరోసారి చూడమని అడగండి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. పూత అరిగిన బొటనవేలి వలయం గులాబీ రంగు చూపింది, రెండవది చూపలేదు. ప్యాచ్ టెస్ట్ అయ్యేవరకు వలయాలకు రబ్బరు రింగులు తొడగవచ్చా?

మూడవ సమాధానం రాసినవారు:
సిలికాన్ రింగులు తొడగండి. రబ్బరు తయారీలో వాడే థైరామ్‌ల వంటి రసాయనాలూ అలర్జీ కలిగిస్తాయి. ప్యాచ్ టెస్ట్‌లో వాటినీ చేర్చమని చెప్పండి.