ఫత్వా "జారీ" అవుతుందా?

ఎం.వి.పి. కాలనీలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నిన్న ఒకాయన రాశారు: "మేడ మీద బట్టలు ఆరేయొద్దని అసోసియేషన్ ఫత్వా జారీ చేసింది." కింద ఫ్లాట్ ఉర్దూ మాస్టారూ ఆ గ్రూపులోనే ఉన్నారు. లిఫ్టు దగ్గర కలిస్తే, ఆ మాట కష్టంగా అనిపించిందా అని అడిగాను. "నేనూ మొన్న రంజాన్‌కి వన్‌టౌన్ వెళ్లి ఫత్వా తెచ్చుకున్నానండీ. మా ఆవిడ ఒంటి మీది బంగారానికి జకాత్, అంటే ఏటా తప్పక ఇవ్వాల్సిన దానం, కట్టాలా అని" అన్నారు.

ఫత్వా అంటే అదే. అడిగినవాళ్లకు ముఫ్తీ, అంటే ఇస్లాం ధర్మశాస్త్ర పండితుడు, చెప్పే జవాబు. ఖురాన్ నాలుగో అధ్యాయం 176వ వాక్యం "నిన్ను ఫత్వా అడుగుతున్నారు" అనే మొదలవుతుంది. అడిగింది ఆస్తి పంపకం గురించి. ఆ ధర్మశాస్త్రంలో వేర్వేరు శాఖలున్నాయి. మాస్టారి ప్రశ్నకే హనఫీ శాఖ పండితులు నలభయ్యో వంతు కట్టాలంటారు, షాఫీ శాఖవాళ్లు తొడుక్కునే నగలకు అక్కర్లేదంటారు. కట్టుబడాల్సిన తీర్పు చెప్పేది ఇస్లామిక్ న్యాయమూర్తి, ఖాజీ. ఫత్వాకు చట్టబద్ధత లేదని మన సుప్రీంకోర్టు కూడా 2014 జులైలో చెప్పింది.

చిక్కంతా క్రియలో ఉందని నాకనిపిస్తుంది. హుకుం జారీ చేస్తారు, వారెంట్ జారీ చేస్తారు. వాటి పక్కన ఫత్వానూ కూర్చోబెట్టేశాం. 'జవాబు' కూడా అరబ్బీ నుంచి వచ్చిందే, దాన్ని చూసి ఎవరూ భయపడరు.

ఇక మీరు అడగబోయేవీ, నా జవాబులూ:

— ఊరికే భయపడ్డామంటారేటండీ? 1989లో ఇరాన్ నుంచి ఒక రచయితను చంపమని వచ్చింది ఫత్వా కాదా?

— అదీ ఫత్వాయే, దాచను. అది లోకమంతా మోగింది. నగల గురించి, ఉపవాసం గురించి, వడ్డీ గురించి రోజూ అడిగేవి పేపరుకెక్కవు. మన చెవిన పడ్డ ఒక్కదాన్నే మాట మొత్తానికి అర్థం చేసుకున్నాం. ఆ అర్థంతోనే మాస్టారి లాంటివాళ్లనీ చూస్తున్నాం. నా బాధ అది.

— 'మఫ్టీలో పోలీసులు' అంటాం. దానికీ ముఫ్తీకీ సంబంధముందా?

— ఆ మాటేనండీ. బ్రిటిష్ సైన్యంలో యూనిఫాం విప్పాక వేసుకునే బట్టలకు ఆ పేరు పడింది. అక్కణ్ణుంచి మన స్టేషన్లకొచ్చింది.

— మరి వార్తలో ఏం రాయాలి?

— "ఫత్వా ఇచ్చారు" అని రాయండి. ఎవరు, ఏమడిగితే ఇచ్చారో కూడా ఒక ముక్క వేయండి. అసోసియేషన్‌కైతే "బట్టలు ఆరేయొద్దంది" చాలు.

— ఇంతకీ మాస్టారు బంగారానికి కట్టారా?

— కట్టారండీ. వాళ్లు హనఫీలు.