ఖాళీగా ఉన్న కంప్యూటర్లను వైద్య పరిశోధనకు ఇవ్వడం: సేవా, కరెంటు దండగా?

టెక్కలి కుర్రాడు:
మాకు చిన్న నెట్ సెంటర్ ఉంది, ఆరు సిస్టమ్‌లు. హాల్ టికెట్ల సీజన్ తప్పితే మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఈగలు తోలుకోవడమే. ఆ టైములో వాటిలో ఫోల్డింగ్ ఎట్ హోమ్ అనే పరిశోధన ప్రోగ్రామ్ నడుపుదామనుకుంటున్నాను. 2000లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మొదలైంది. ఒంట్లో ప్రొటీన్లు ఎలా ముడుచుకుంటాయో, ఎలా కదులుతాయో లెక్క కట్టాలంటే ఒక్క కంప్యూటర్‌కి ఏళ్లు పడుతుంది. అందుకే ఆ లెక్కను ముక్కలు చేసి మనలాంటి వాళ్లకు పంపుతారు. 2020లో కోవిడ్ టైములో లక్షల మంది చేరారు. నాన్న మాత్రం ఇదేదో బిట్‌కాయిన్ గొడవ అనుకుని వద్దంటున్నారు. మీరేమంటారు?

గంటస్తంభం:
మీ నాన్నగారి భయం వేరు, నా అభ్యంతరం వేరు. ‘ఖాళీగా’ అనే మాటే తప్పు తమ్ముడూ. ఊరికే ఆన్‌లో ఉన్న కంప్యూటర్ తక్కువ కరెంటు లాగుతుంది, లెక్క మొదలెడితే రెండు మూడు రెట్లు లాగుతుంది. ఒక్కోదానికి అదనంగా 100 వాట్లు వేసుకో. ఆరు సిస్టమ్‌లు, మూడు గంటలు: రోజుకు 1.8 యూనిట్లు, నెలకు 54. మీది కమర్షియల్ మీటరు కదా, యూనిట్ పది రూపాయలనుకున్నా 540. మే నెలలో ఆ వేడికి ఇంకో ఫ్యాను కావాలి. దానం చేస్తే చెయ్యి, ఫ్రీ అని మాత్రం అనకు.

పాత సర్వర్:
గూగుల్ వాళ్ల ఏఐ ఆల్ఫాఫోల్డ్ వచ్చాక ఇంకా ఇదెందుకు? ప్రొటీన్ ఆకారం అదే చెప్పేస్తోంది.

టెక్కలి కుర్రాడు:
ఆకారం చెబుతుంది సార్, కదలిక సంగతి వేరు. మూసి ఉన్న తలుపు ఫొటో చూస్తే అది ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు కదా. కొన్ని ప్రొటీన్లలో మందు దూరే సందు కాసేపే తెరుచుకుంటుంది. దాన్ని పట్టుకోవడానికే ఇంత లెక్క. గంటస్తంభం అన్నా, 540 అంటే నాన్న అస్సలు ఒప్పుకోరు.

కవిటి కొబ్బరితోట:
మీరంతా ప్రొటీన్ల గురించి మాట్లాడుతున్నారు. మా పెదనాన్న వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తారు. ఉద్దానంలో ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. నీళ్లన్నారు, సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా పని చేయడమన్నారు. పలాసలో 2023 డిసెంబరులో ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి, సంతోషం. కానీ ఇక్కడ కొరత కంప్యూటర్లది కాదు. ఇంటింటికీ వెళ్లి రక్తం, మూత్రం, బావి నీళ్లు తీసి, అదే మనుషుల్ని పదేళ్లు వదలకుండా చూసేవాళ్లు కావాలి. ఆ పని మీ ఆరు సిస్టమ్‌లు చేస్తాయా?

గంటస్తంభం:
చేయవు. ఇందులో వాదన లేదు.

పాత సర్వర్:
అలాగని ఇది పనికిరానిదని కూడా అనలేం. ఇలాగే జనం కంప్యూటర్లతో నడిచే రోసెట్టా ఎట్ హోమ్ ప్రొటీన్ల శాస్త్రవేత్త డేవిడ్ బేకర్ ల్యాబ్‌ది. ఆయనకు 2024లో రసాయన నోబెల్ వచ్చింది. ఆ నోబెల్ మన డబ్బాల వల్లే వచ్చిందంటే మాత్రం నవ్వుతారు. ఇంకో మాట, నెట్ సెంటర్ కాబట్టి చెబుతున్నా. మీ డెస్క్‌టాప్‌ల మీద జనాల ఆధార్ స్కాన్లు పడి ఉంటాయి. ముందు అవి తీసేయండి. ప్రోగ్రామ్ వాళ్ల సొంత సైట్ నుంచే దించుకోండి, ఎవరో పంపిన లింకు నుంచి వద్దు.

టెక్కలి కుర్రాడు:
స్కాన్ల మాట నిజం, ఈరోజే తుడిచేస్తాను. ఆరు కాదు, రెండు సిస్టమ్‌లతో మొదలెడతాను. నెల తర్వాత మీటర్ రీడింగ్ ఇక్కడే పెడతాను. కవిటి అన్నా, మీరన్న పనికి నా దగ్గర సమాధానం లేదు. ఎవరైనా సర్వేకి మనుషులు కావాలంటే చెప్పండి, ఆదివారాలు నేను వస్తాను.

కవిటి కొబ్బరితోట:
ఆదివారం అంటే చాలదు తమ్ముడూ. పొద్దున్న ఆరుకే అందరూ తోటల్లోకి వెళ్లిపోతారు. రాత్రి రావాలి.