రాయగడ స్టోర్స్ టెర్మినళ్లు మెయిన్‌ఫ్రేమ్‌కి కలవట్లేదు: పీర్ కనెక్ట్ అంటోంది, సర్క్యూట్ రావట్లేదు

రాయగడ_నెట్:

అందరికీ నమస్కారం. రాయగడ దగ్గర ఒక మిల్లులో నెట్‌వర్క్ పని చూస్తున్నాను. మా స్టోర్స్‌లో ఇప్పటికీ ఐబీఎం 3174 కంట్రోలర్ నడుస్తోంది. దాని వెనక ఆకుపచ్చ అక్షరాల టెర్మినళ్లు, గేట్ పాస్ కొట్టే ప్రింటర్ ఉన్నాయి. కంట్రోలర్ నుంచి ఎస్‌డీఎల్‌సీ (ఐబీఎం పాత సీరియల్ లైన్ పద్ధతి) కేబుల్ మా సిస్కో రౌటర్ సీరియల్ పోర్టుకు వస్తుంది. అక్కడి నుంచి డీఎల్‌ఎస్‌డబ్ల్యూ (ఆ పాత ఐబీఎం ట్రాఫిక్‌ని ఐపీ నెట్‌వర్క్ మీద మోసే పద్ధతి) మీద హెడ్డాఫీసు రౌటర్‌కి, దాని పక్కనున్న మెయిన్‌ఫ్రేమ్‌కి వెళ్తుంది.

మొన్న ఆదివారం హెడ్డాఫీసులో టోకెన్ రింగ్ (ఐబీఎం పాత లోకల్ నెట్‌వర్క్) తీసేసి, ఓఎస్‌ఏ కార్డు (మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్క్ కార్డు) పెట్టి హోస్టును, అంటే మెయిన్‌ఫ్రేమ్‌ని, ఈథర్‌నెట్ మీదకి మార్చారు. కొత్త మ్యాక్ అడ్రసు మెయిల్‌లో పంపారు: 0200.1284.0011. దాన్నే మా రౌటర్‌లో ఎస్‌డీఎల్‌సీ పార్ట్‌నర్ లైన్‌లో, అంటే కంట్రోలర్ ఏ హోస్టుతో కలవాలో చెప్పే లైన్‌లో, పెట్టాను. అప్పటి నుంచి ఒక్క టెర్మినల్‌లో కూడా లాగిన్ తెర రావట్లేదు.

నాకు కనిపిస్తున్నది ఇది. షో డీఎల్‌ఎస్‌డబ్ల్యూ పీర్స్ కొడితే పీర్, అంటే అవతలి రౌటర్, కనెక్ట్ అని ఉంది. రీచబిలిటీ (ఏ అడ్రసు దొరికిందో చూపే పట్టిక) చూస్తే హోస్టు అడ్రసు ఎదురుగా సెర్చింగ్ అనే ఉంటోంది. సీరియల్ ఇంటర్‌ఫేస్‌లో సీ1 అడ్రసు (మా కంట్రోలర్‌ది) యూఎస్‌బిజీ.

గేట్ పాసులు చేత్తో రాస్తున్నాం. పార్వతీపురం వైపు వెళ్లాల్సిన లారీలు గేటు బయట రోడ్డు పక్కనే ఆగిపోయాయి. డ్రైవర్లు తెలుగులో ఒకరు, ఒడియాలో ఒకరు వచ్చి ‘ఇంకెంతసేపు’ అని అడుగుతుంటే చెప్పడానికి జవాబు లేదు. హెడ్డాఫీసు వాళ్లేమో ‘మా వైపు అంతా బాగుంది, మీ రౌటర్ రీబూట్ చేయండి’ అంటున్నారు. నడుస్తున్న రౌటర్‌ని కారణం తెలియకుండా ఆపడం నాకు ఇష్టం లేదు. ఎక్కడ చూడాలో చెప్పండి.

గుణుపురం_అబ్బాయి:

అన్నా, మధ్యలో ఫైర్‌వాల్ ఏమైనా కొత్తగా పెట్టారా? డీఎల్‌ఎస్‌డబ్ల్యూకి టీసీపీ 2065, 2067 పోర్టులు తెరిచి ఉండాలి. మా ఆఫీసులో ఒకసారి అదే అయ్యింది.

పర్లాకిమిడి_వీట్యామ్:

గుణుపురం బాబు చెప్పిన పోర్టులు సరైనవే. కానీ పీర్ కనెక్ట్ అని వచ్చిందంటే రెండు రౌటర్లూ టీసీపీ మీద కలిసి, ఎవరికి ఏం చేతనవునో చెప్పుకోవడం కూడా అయిపోయినట్టే. కాబట్టి దారి బాగుంది. కంట్రోలర్ కూడా బాగుంది. రౌటర్ పిలిస్తే అది పలుకుతోంది, కాకపోతే పైన హోస్టు దొరక్క రౌటర్ దాన్ని ఆపి ఉంచింది. యూఎస్‌బిజీకి అర్థం అదే. కేబుల్ జోలికి వెళ్లకండి, రీబూట్ అసలు వద్దు.

ఇక మిగిలింది రీచబిలిటీ. మీరు పెట్టిన అడ్రసు చూడగానే అక్కడే అనుమానం వచ్చింది. టోకెన్ రింగ్‌లో ప్రతి బైటూ పెద్ద బిట్‌తో మొదలై లైన్ మీదకి వెళ్తుంది, ఈథర్‌నెట్‌లో చిన్న బిట్‌తో. డీఎల్‌ఎస్‌డబ్ల్యూ పుట్టింది టోకెన్ రింగ్ రోజుల్లో. 1993లో ఆర్‌ఎఫ్‌సీ 1434గా వచ్చి, 1995లో 1795గా స్థిరపడింది. రెండు రౌటర్ల మధ్య అది మాట్లాడేది ఇప్పటికీ టోకెన్ రింగ్ వరసే. మీ ఎస్‌డీఎల్‌సీ పార్ట్‌నర్ లైన్‌లో కూడా ఆ వరసలోనే రాయాలి. హెడ్డాఫీసు వాళ్లు ఇచ్చింది ఈథర్‌నెట్ వరస. వాళ్ల కార్డు మీద అది నిజమే, మీ రౌటర్‌లో మాత్రం అది వేరే యంత్రం అడ్రసు అయిపోతుంది.

కాగితం మీద వేసి చూడండి. బైట్ల వరస మార్చకూడదు, ఒక్కో బైటు లోపలి ఎనిమిది బిట్లనే వెనక నుంచి ముందుకు రాయాలి. 12 అంటే 0001 0010. తిప్పితే 0100 1000, అంటే 48. 84 అంటే 1000 0100. తిప్పితే 0010 0001, అంటే 21. అలాగే 02 కాస్తా 40 అవుతుంది, 11 కాస్తా 88. సున్నాలు సున్నాలే. మీరు పెట్టాల్సింది 4000.4821.0088. చాలామంది 12ని 21 అని అంకెలు తారుమారు చేసి ఊరుకుంటారు, అది తప్పు.

మార్చాక క్లియర్ డీఎల్‌ఎస్‌డబ్ల్యూ రీచబిలిటీ కొట్టండి, పాత వెతుకులాట జ్ఞాపకం పోవాలి. ఇంకోటి, హెడ్డాఫీసు రౌటర్‌లో డీఎల్‌ఎస్‌డబ్ల్యూ బ్రిడ్జ్ గ్రూప్ (ఈథర్‌నెట్‌ని డీఎల్‌ఎస్‌డబ్ల్యూకి కలిపే అమరిక) ఉందా, హోస్టు వైపు ఈథర్‌నెట్ పోర్టు అదే గ్రూపులో ఉందా అని అడగండి. అది లేకపోయినా సెర్చింగ్ అనే ఉంటుంది.

రాయగడ_నెట్:

మాస్టారూ, మీరన్నట్టే బిట్లు తిప్పి పెట్టాను. వెంటనే ఫౌండ్ అని వచ్చింది! బ్రిడ్జ్ గ్రూప్ వాళ్లు సరిగ్గానే పెట్టారు. కానీ సర్క్యూట్, అంటే కంట్రోలర్ నుంచి హోస్టు దాకా కనెక్షన్, ఇంకా నిలవట్లేదు. సీకేటీ ఎస్టాబ్లిష్డ్ దాకా వస్తుంది, కనెక్టెడ్ అవ్వదు, పడిపోతుంది, మళ్లీ మొదలు. టెన్షన్‌గా ఉంది.

పర్లాకిమిడి_వీట్యామ్:

టెన్షన్ పడకండి బాబూ, చాలా దూరం వచ్చారు. సర్క్యూట్ ఆ దశ దాకా వచ్చిందంటే హోస్టు కార్డు మీకు జవాబిస్తోంది. ఆ తర్వాత జరిగేది ఎక్స్ఐడీ మార్పిడి, అంటే మీ కంట్రోలర్ ఎవరో వీట్యామ్‌కి (మెయిన్‌ఫ్రేమ్‌లో కనెక్షన్లు చూసే సాఫ్ట్‌వేర్‌కి) చెప్పుకోవడం. మీ 3174 తరఫున ఆ మాట చెప్పేది రౌటరే, ఎస్‌డీఎల్‌సీ ఎక్స్ఐడీ లైన్‌లో రాసిన ఎనిమిది అంకెలతో. మొదటి మూడు ఐడీబ్లాక్, 3174కి మామూలుగా 017. మిగతా ఐదు ఐడీనమ్. వీట్యామ్ స్విచ్డ్ మేజర్ నోడ్‌లో (కనెక్ట్ అయ్యేవాళ్ల వివరాలు రాసుండే చోట) మీ పీయూ, అంటే మీ కంట్రోలర్ నిర్వచనం, కింద ఆ రెండూ అక్షరం పొల్లు పోకుండా ఉండాలి.

హెడ్డాఫీసు ఆపరేటర్‌ని పట్టుకుని ఒకే ప్రశ్న అడగండి: మీరు ప్రయత్నిస్తున్న సమయంలో కన్సోల్ మీద ఐఎస్‌టీ680ఐ వస్తోందా? వస్తుంటే కనెక్షన్ అడిగినవాణ్ని వీట్యామ్ కాదంటోందన్న మాట. దాని కింది లైన్లలో ఏ నంబరుతో వచ్చారో కూడా చూపిస్తుంది. అసలు ఏ సందేశమూ లేకపోతే పీయూ యాక్టివ్‌గా ఉందో లేదో చూడమనండి, కనెక్టబుల్ స్థితిలో ఉండాలి. ‘మా వైపు అంతా బాగుంది’ అన్న మాట మీద ఆగిపోవద్దు. కన్సోల్‌లో ఏం రాసుందో అక్షరాలా చదివించుకోండి.

రాయగడ_నెట్:

దొరికింది మాస్టారూ. ఆపరేటర్ ఫోన్‌లోనే చదివి వినిపించారు, ఐఎస్‌టీ680ఐ వరసగా వస్తోంది. మా రౌటర్ చెబుతున్నది 01720084. కొత్తగా రాసిన మేజర్ నోడ్‌లో మా పీయూకి ఐడీనమ్ 20048 అని పడింది. ఆయనే సరిచేసి మళ్లీ యాక్టివేట్ చేశారు. సర్క్యూట్ కనెక్టెడ్, సీరియల్‌లో కూడా కనెక్ట్. స్టోర్స్‌లో తెరలన్నీ వెలిగాయి. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు.

ఒక్కటి మిగిలింది. గేట్ పాస్ ప్రింటర్ మాత్రం కదలట్లేదు. ఆపరేటర్ ఆ ఎల్‌యూ (వీట్యామ్‌లో ఆ ప్రింటర్ నిర్వచనం) యాక్టివ్ అంటున్నారు.

గుణుపురం_అబ్బాయి:

బిట్ల సంగతి నాకూ కొత్తే, రాసి పెట్టుకున్నాను. మాస్టారూ, ఇవన్నీ తీసేసి ఐపీ మీదే నడపకూడదా?

పర్లాకిమిడి_వీట్యామ్:

నడపొచ్చు బాబూ. ఇవే తెరల్ని ఐపీ మీద చూపే టీఎన్3270 ఉంది, ఈ పాత ట్రాఫిక్‌ని ఐపీ మీద పంపడానికి యూడీపీ 12000 నుంచి 12004 దాకా పోర్టులు వాడే ఎంటర్‌ప్రైజ్ ఎక్స్‌టెండర్ ఉంది. నన్నడిగితే కొత్తగా కట్టేవాళ్లు అవే చూసుకోవాలి. కానీ 3174, దాని కోయాక్స్ టెర్మినళ్లు ఉన్నంతకాలం ఆ ఎస్‌డీఎల్‌సీ కేబుల్‌ని ఎవరో ఒకరు అందుకోవాలి. డీఎల్‌ఎస్‌డబ్ల్యూలో నాకు నచ్చేది కూడా ఇక్కడే. కంట్రోలర్‌తో పోలింగ్, అంటే ఉన్నావా అని మాటిమాటికీ అడగడం, రౌటరే స్థానికంగా చూసుకుంటుంది. వానల్లో ఘాట్ మీద లింకు మెల్లగా నడిచినా, టీసీపీ తెగనంతవరకూ సెషన్ పడిపోదు.

రాయగడ బాబూ, ప్రింటర్ సంగతి. ఎల్‌యూ యాక్టివ్ అయినంత మాత్రాన చాలదు, రెండు విషయాలు చూడమనండి. మొదటిది లోక్‌అడర్, అంటే కంట్రోలర్ మీద ఆ పరికరం సంఖ్య. 3174 మీద మొదటి పరికరం 2తో మొదలవుతుంది, ప్రింటర్ ఏ పోర్టులో ఉందో ఆ సంఖ్యే మేజర్ నోడ్‌లో ఉండాలి. రెండోది లాగ్‌మోడ్, అంటే పరికరంతో సెషన్ ఏ రకంగా కలపాలో చెప్పే పేరు. కొత్తగా రాసేటప్పుడు తెరల నిర్వచనాన్నే ప్రింటర్‌కీ కాపీ చేసి ఉంటే, అది తెర అనుకుని సెషన్ కలపబోయి విఫలమవుతుంది. ప్రింటర్‌కి ఎస్‌సీఎస్ కానీ డీఎస్‌సీ2కే కానీ, ఆ రెండు ప్రింటర్ లాగ్‌మోడ్‌లలో ఒకటి ఉండాలి. ఏది అన్నది మీ గేట్ పాస్ ప్రోగ్రాం పాతది ఏది వాడేదో దాన్ని బట్టి ఉంటుంది, ఆదివారం ముందు మేజర్ నోడ్ కాపీ వాళ్ల దగ్గర ఉంటుంది, అందులో చూడమనండి.

రాయగడ_నెట్:

లాగ్‌మోడే మాస్టారూ. తెరలదే పెట్టి ఉంది. పాత కాపీలో ఎస్‌సీఎస్, అదే పెట్టించాను. ఇప్పుడే మొదటి పాస్ ప్రింటయ్యింది. మిగతావాళ్లకి పనికొస్తుందని, మార్చిన మూడు లైన్లూ పాతవి, కొత్తవి పక్కపక్కన రాసి రేపు ఇక్కడే పెడతాను.